నాయన క్రియాటినిన్ 1.5: కిడ్నీలు పోయినట్టేనా?

ప్రశ్న

డాక్టర్ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేను అనంతపురంలో టీచర్‌గా పని చేస్తున్నాను. మా నాయనకు 56 ఏళ్లు. శనక్కాయ, కంది పండిస్తాడు. 9 ఏళ్లుగా షుగర్, 4 ఏళ్లుగా బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని వేసుకుంటాడు. అమ్మ కూడా అప్పుడప్పుడు అవే వేసుకుంటుంది. మే నెలలో మా ఊళ్లో ఒక క్యాంపు పెట్టారు. అరచేతిలో ఒక కడ్డీ పట్టుకోమని, నిమిషంలో లాప్‌టాప్ నుంచి 30 పేజీల రిపోర్టు తీసిచ్చారు. అందులో "కిడ్నీలు 40 శాతమే పని చేస్తున్నాయి" అని ఉంది. మూడు నెలలు వాడమని 8,500 రూపాయలకు పొడి అమ్మారు. నేను భయపడి వారం లోపే ల్యాబ్‌లో పరీక్షలు చేయించాను. క్రియాటినిన్ 1.5, యూరియా 46, యూరిక్ యాసిడ్ 7.4, హెచ్‌బీఏ1సి 8.4 వచ్చాయి. మూత్రంలో ప్రోటీన్ "నిల్". స్కానింగ్‌లో "గ్రేడ్ 1 మార్పులు" అని రాశారు. షుగర్ మాత్రల వల్లే కిడ్నీలు పోయాయని ఆ తర్వాత పక్కింటాయన చెప్తే, నాయన షుగర్, బీపీ మాత్రలు మానేసి పొడి వేసుకుంటున్నాడు. ఆ మెషీన్ చెప్పింది నిజమేనా? డయాలసిస్ దాకా పోతుందా? మా ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిందా? ఇంకా ఏ పరీక్షలు చేయించాలి? తమ్ముడికి 28 ఏళ్లు, కాస్త లావు. వాడికీ పరీక్షలు అవసరమా?

– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం

అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ వస్తాను. అంతకంటే ముందు రేపే చేయాల్సిన పని ఒకటుంది. నాయనను షుగర్ మందులు రాసిచ్చిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పరగడుపు షుగర్, బీపీ చూపించి, మానేసిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టించండి. పొడి ఈ పూట నుంచే ఆపించండి. మోకాళ్ల నొప్పి మాత్రలు కూడా ఆపించండి. పొడి డబ్బా మాత్రం పారేయకండి, దాన్ని డాక్టరు చూడాలి.

హెచ్‌బీఏ1సి 8.4 అంటే గత రెండు మూడు నెలల్లో నాయన షుగర్ సగటున 194 దగ్గర ఉందని. అది మాత్రలు వేసుకుంటున్నప్పటి లెక్క. మానేశాక ఎక్కడికి పోయి ఉంటుందో అని నాకు భయంగా ఉంది. ఏళ్ల తరబడి కిడ్నీని తినేది ఆ చక్కెర, దానికి తోడైన బీపీ. షుగర్‌కు ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేయదు. కిడ్నీ బాగా బలహీనపడితే ఆ మందు ఒంట్లోంచి సరిగా బయటికి పోదు. అందుకని మోతాదు తగ్గిస్తాం, మరీ బలహీనపడితే ఆపేస్తాం. మేం ఆపడం చూసినవాళ్లు "దీనివల్లే కిడ్నీ పోయింది, అందుకే డాక్టరు ఆపించాడు" అనుకుంటారు. మీ పక్కింటాయన కూడా మంచికే చెప్పి ఉంటారు. ఊళ్లో ఎవరికో అలా ఆపడం చూసి ఉంటారు. కానీ అక్కడ జరిగింది తారుమారుగా అర్థమైంది.

ఇక ఆ మెషీన్. చేతిలో పట్టుకున్న కడ్డీకి రక్తంలో ఏముందో, మూత్రంలో ఏముందో తెలిసే దారి లేదు. చర్మం మీద కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో అది చెప్పగలదేమో. ఆ సంగతి చెమట పట్టిన చేతిలో ఒకలా, ఆరిన చేతిలో ఒకలా ఉంటుంది. మొదలుపెట్టే ముందు వయసు, ఎత్తు, బరువు అడిగి నింపుకున్నారేమో నాయనను అడగండి. 50 దాటిన రైతుకు కిడ్నీ, లివర్, కీళ్లు, నరాలు అన్నీ బలహీనమని రాసిస్తే ఏదో ఒకటి తగలకుండా ఉండదు. తర్వాత ల్యాబ్‌లో 1.5 వచ్చేసరికి మెషీన్ నిజమే చెప్పిందని మీకు అనిపించింది. అనిపించడం సహజం. కానీ కిడ్నీ సంగతి తెలియాలంటే ఒక గొట్టం రక్తం, ఒక చిన్న సీసా మూత్రం కావాలి. ఆ రెండూ తీసుకోకుండా శాతాలు చెప్పే ఎవరినీ నమ్మకండి.

8,500 రూపాయలు రైతు ఇంట్లో చిన్న డబ్బు కాదు. దానికంటే నన్ను కలవరపెడుతున్నది ఆ పొడి. ఎవరు తయారు చేశారో, లైసెన్సు నంబరు ఏమిటో డబ్బా మీద లేని పొడుల్లో పాదరసం, సీసం లాంటివి బయటపడిన సందర్భాలున్నాయి. పాదరసం కిడ్నీలోని జల్లెడ పొరనే దెబ్బతీస్తుంది, మూత్రంలో ప్రోటీన్ ధారగా పోతుంది. ముఖం తెల్లబడటానికి రాసుకునే కొన్ని క్రీముల్లోనూ పాదరసం ఉంటుంది. వాటివల్ల కిడ్నీ జబ్బు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. పొడి వాడకం మొదలయ్యాక నాయన కాళ్లు వాచినా, మూత్రం బాగా నురగ వస్తున్నా, ఆ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పండి. త్వరగా ఆపితే ఈ రకం జబ్బు చాలామందిలో వెనక్కి తగ్గుతుంది.

క్రియాటినిన్ దగ్గరికి వద్దాం. మన కండరాలు రోజూ వదిలే వ్యర్థం అది. కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపుతాయి. వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. లెక్క సులువుగానే ఉన్నట్టుంది కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, చాలామందిలో కిడ్నీల పని దాదాపు సగం తగ్గేదాకా ఈ అంకె నార్మల్ గీత దాటదు. రెండోది, ఇది కండ నుంచి వస్తుంది కాబట్టి మనిషిని బట్టి దాని అర్థం మారుతుంది. క్రియాటినిన్ 1.2 అనుకుందాం. 25 ఏళ్ల కుర్రాడికి అది వస్తే వడపోత నిమిషానికి 86 మిల్లీలీటర్ల దగ్గర ఉన్నట్టు. 60 ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 వస్తే వడపోత 52 దగ్గరే ఉన్నట్టు. రిపోర్టులో ఇద్దరికీ ఒకటే అంకె. చాలా ల్యాబుల్లో ఆ పెద్దావిడ అంకె పక్కన ఏ గుర్తూ ఉండదు. "నార్మలే" అని ఇంటికి పంపేస్తారు.

అందుకే ఇప్పుడు క్రియాటినిన్‌ను ఒంటరిగా చదవం. వయసు, ఆడా మగా అన్నది కలిపి వడపోత వేగాన్ని అంచనా కడతాం. దాన్నే ఈజీఎఫ్‌ఆర్ అంటారు. 2021లో సవరించిన సూత్రం ప్రకారం లెక్క వేస్తే నాయనకు 54 వస్తుంది. 90, ఆ పైన ఉంటే బాగున్నట్టు. 60 కంటే తగ్గితే ఆలోచించాలి. 45 నుంచి 59 మధ్యను 3ఏ దశ అంటాం. 15 కంటే తగ్గితే అయిదో దశ. డయాలసిస్ మాట వచ్చేది అక్కడ, అదీ ఒంట్లో ఇబ్బందులు మొదలయ్యాక. 54 నుంచి అక్కడికి చాలా దూరం ఉంది. 3ఏ దశలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది జన్మలో డయాలసిస్ మెట్లెక్కరు. ఈ మాట నాయనకు మీ నోటితోనే చెప్పండి, భయం తగ్గితే మందులు సరిగా వేసుకుంటాడు.

అయినా ఈ 54 మీద నేను ఇంకా ముద్ర వేయడం లేదు. ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని చెప్పకూడదు. మూడు నెలలు దాటి అలాగే ఉంటేనే ఆ పేరు పెట్టాలి. మీరు పరీక్ష చేయించింది మే నెలలో. అనంతపురం ఎండలో పొలం పని చేసే మనిషి. చెమటతో నీరంతా పోతుంది, తాగేది తక్కువ. దానిమీద నొప్పి మాత్ర. ఈ రెండూ కలిస్తే మంచి కిడ్నీకి కూడా క్రియాటినిన్ కొన్నాళ్లు పెరుగుతుంది. ముందు రాత్రి మాంసం బాగా తిన్నా కొంచెం పెరుగుతుంది. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ వాడేది 1886లో మాక్స్ జాఫే చూపించిన రంగు మారే పద్ధతే. రక్తంలో చక్కెర బాగా ఎక్కువగా ఉంటే ఆ రంగులో తేడా రావచ్చు. ఎంజైమ్ పద్ధతిలో చేసే ల్యాబ్ దొరికితే మంచిది. లేకపోయినా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. 1.5 తర్వాత 1.4 వస్తే సంబరపడకండి, 1.6 వస్తే కంగారుపడకండి, అంత చిన్న తేడా మామూలే. నొప్పి మాత్రలు ఆపి, నీళ్లు సరిగా తాగించి రెండు వారాల్లో ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి చేయించండి. రెండు వారాలకే దిగివస్తే అది ఎండ, మాత్రల పనే అనుకోవచ్చు.

మీరు ఇన్ని పరీక్షలు చేయించారు కానీ అసలు పరీక్ష మిగిలిపోయింది. ల్యాబ్ చీటీలో దాని పేరు యూరిన్ ఏసీఆర్. మూత్రంలో అల్బుమిన్ ఎంత, క్రియాటినిన్ ఎంత అని కొలిచి రెంటి నిష్పత్తి చెప్తారు. నాయనకు తొమ్మిదేళ్ల షుగర్ ఉందంటే తొమ్మిదేళ్లుగా ఏడాదికొకసారి చేయాల్సిన పరీక్ష ఇది. నా దగ్గరికి ఫైళ్లు పట్టుకుని వచ్చే షుగర్ రోగుల్లో చాలామంది కాగితాల్లో ఇది ఒక్కసారి కూడా కనిపించదు. ఇంత చిన్న పరీక్ష చేయక ముందే మనుషులు చేయి దాటిపోవడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

దీని సంగతి కాస్త వివరంగా చెప్తాను. కిడ్నీలో లక్షల సన్నని జల్లెడలుంటాయి. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అవి బయటికి పోనివ్వవు. షుగర్, బీపీ ఆ జల్లెడను సాగదీస్తే అల్బుమిన్ కొద్దికొద్దిగా కారడం మొదలవుతుంది. అప్పటికి క్రియాటినిన్ నార్మల్‌గానే ఉంటుంది, ఒంట్లో ఏ బాధా ఉండదు. చాలామంది షుగర్ రోగుల్లో మూత్రం ఇలా ఏళ్ల ముందే చెప్తుంది. మీ రిపోర్టులో ఉన్న "ప్రోటీన్ నిల్" మూత్రంలో ముంచే పట్టీ చెప్పిన మాట. ఆ పట్టీ బాగా కారితేనే రంగు మారుతుంది. చిన్న కారడాన్ని అది చూడలేదు. నీళ్లు ఎక్కువ తాగి వెళ్తే మూత్రం పలచబడి ఇంకా తప్పిపోతుంది. ఏసీఆర్‌లో క్రియాటినిన్‌తో పోల్చడం ఆ పలచదనం లెక్కను సరిచేయడానికే.

ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టివ్వండి. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, బరువు పని చేసిన రోజున వద్దు. నిష్పత్తి 30 లోపు ఉంటే బాగున్నట్టు. 30 నుంచి 300 దాకా ఉంటే జల్లెడ సడలినట్టు. 300 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. ఎక్కువ వస్తే మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేసి, రెండుసార్లయినా ఎక్కువ ఉంటేనే ఖాయం చేస్తాం.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఇద్దరికి ఒకే 54 ఉండొచ్చు, కానీ వాళ్ల దారులు వేరు. నా దగ్గర క్రియాటినిన్ 1.5తోనే చేరిన ఇద్దరు గుర్తున్నారు. ఒకాయన మూత్రం శుభ్రంగా ఉండేది. పదేళ్లయింది, ఇప్పటికీ 1.6 దాటలేదు, చేనుకి వెళ్తూనే ఉన్నాడు. రెండో ఆయన ఏసీఆర్ 1,800. ఆ పరీక్ష నేను చేయించేసరికి ఆలస్యమైంది, ఆయన నాలుగేళ్లలో డయాలసిస్‌కు వచ్చాడు. క్రియాటినిన్ కాగితం చూస్తే ఇద్దరూ ఒకటే.

నాయన ఏసీఆర్ 30 లోపు వచ్చి, ఈజీఎఫ్‌ఆర్ మళ్లీ 54 దగ్గరే ఉంటే వడపోతను ఇంకో దారిలో చూసే సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష ఒకసారి చేయించడం మంచిది. ఇది కండ మీద ఆధారపడదు. పొలం పని చేసి గట్టిపడ్డ మనిషిలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తోందేమో ఇది తేలుస్తుంది. థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా, పొగ తాగే అలవాటున్నా దీని లెక్క మారుతుంది కాబట్టి ఆ సంగతులు ముందే చెప్పండి. ఏసీఆర్ ఎక్కువ వస్తే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు కిడ్నీకి కూడా కాపలా కాస్తాయి. నాయనకు ఏవి సరిపోతాయో డాక్టరు నిర్ణయించాలి. ఒక్క విషయం ముందే చెప్పి ఉంచుతాను. ఈ మందులు మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలకు భయపడి మందు మానేయకూడదు. రక్తంలో పొటాషియంతో పాటు క్రియాటినిన్ మళ్లీ చూపించుకుంటే చాలు.

స్కానింగ్‌లో రాసిన "గ్రేడ్ 1" గురించి నిద్ర పాడు చేసుకోకండి. కిడ్నీ తెల్లగా కనిపిస్తోందని చూసినవాళ్ల కంటి అంచనా అది. అదే మనిషికి ఇంకోచోట నార్మల్ అని రాయవచ్చు. స్కాన్‌లో నేను చూసేది కిడ్నీల పొడవు, రాళ్లు, నీరు నిలబడిందా, ప్రోస్టేట్ వాచి మూత్రం అడ్డుపడుతోందా అని. యూరిక్ యాసిడ్ 7.4 కూడా చాలావరకు వడపోత తగ్గినందుకే. కాలి బొటనవేలు వాచి భరించలేని నొప్పి వస్తే తప్ప దానికి మందులు వద్దు. కంటి వెనక తెర మాత్రం తప్పకుండా చూపించండి. తొమ్మిదేళ్ల షుగర్ కిడ్నీని తాకి ఉంటే కంటి రక్తనాళాల్లోనూ తరచుగా ఆనవాళ్లుంటాయి. కన్ను శుభ్రంగా ఉండి మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోతుంటే, ఇది షుగర్ వల్ల వచ్చింది కాదేమో అని అనుమానించాలి. మూత్రంలో రక్తకణాలున్నా, క్రియాటినిన్ వారాల్లో పెరిగిపోతున్నా అంతే. అప్పుడు బయాప్సీ చేస్తారు. నడుము దగ్గర మత్తిచ్చి, స్కాన్‌లో చూస్తూ, సూదితో దారపు పోగంత ముక్క తీస్తారు. కిడ్నీ కోయరు. ముక్క తీస్తే కిడ్నీ పోతుందన్న భయం ఊళ్లలో బాగా ఉంది కానీ, జబ్బు పేరు తెలియకుండా నెలలు గడపడమే ఎక్కువ ప్రమాదం. ఇప్పుడు కొన్ని జబ్బులను రక్తంలోని యాంటీబాడీతోనే పట్టుకోగలుగుతున్నాం. 2009లో కనుగొన్న పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ అలాంటిది, జల్లెడ పొర దెబ్బతినే ఒక రకం జబ్బును అది పట్టిస్తుంది. నాయనకు ఇప్పటికైతే బయాప్సీ మాటే అక్కర్లేదు.

ఫ్లోరైడ్ గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న. మన జిల్లాలో చాలా బోర్ల నీళ్లలో అది ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ఎక్కువగా కిడ్నీలే. అవి బలహీనపడితే అది ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది. అయితే నాయన విషయంలో నాకు కనిపిస్తున్న దారి వేరు. ఏళ్లుగా ఆ నీళ్లు తాగిన మనిషికి మోకాళ్లు, నడుము బిగుసుకుంటాయి. నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు, లేదంటే ఊళ్లో సూది. షుగర్, బీపీ ఉన్నవాళ్ల కిడ్నీకి ఆ మాత్రలు విషంతో సమానం. నీళ్ల నుంచి నొప్పికి, నొప్పి నుంచి మాత్రకు, మాత్ర నుంచి కిడ్నీకి. మన పల్లెల్లో ఈ వరస నేను చాలాసార్లు చూశాను. మోకాలి ఎక్స్‌రే తీయించి ఆ నొప్పి అరుగుదలదా, ఫ్లోరోసిస్‌దా (ఫ్లోరైడ్ పేరుకుని వచ్చే ఎముకల జబ్బుదా) తేల్చుకోండి. అందాకా నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ సరిపోతుంది, మోతాదు డాక్టరును అడగండి. బోరు నీళ్లు పరీక్షకు పంపండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లు, లేదా సత్యసాయి తాగునీటి పథకం కుళాయి మీ ఊరికి వస్తుంటే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడండి. శ్రీకాకుళం ఉద్దానంతో మన ప్రాంతాన్ని పోల్చి భయపెట్టేవాళ్లు ఉంటారు. అక్కడ షుగర్, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదమిత్థమని తేలలేదు. మీ ఇంట్లో కారణాలు కళ్లముందే ఉన్నాయి.

ముందుగా అనంతపురం సర్వజన ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వాళ్లకు చూపిస్తే సరిపోతుంది. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపుకు పడినా, ఏసీఆర్ 300 దాటినా, పొటాషియం పెరిగినా నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును కలవాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. పెద్ద ప్యాకేజీ పరీక్షలకు డబ్బు పెట్టకండి.

తమ్ముడి నడుము బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్స్ 150, ఇవి దాటకూడదు. మంచి కొలెస్ట్రాల్ 40 కంటే తగ్గకూడదు. నడుముతో కలిపి ఈ అయిదింటిలో మూడు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం, అంటే షుగర్, గుండె జబ్బులకు దారితీసే స్థితి. 28 ఏళ్లకే తెలిస్తే తిండి, నడకతోనే చాలా దిద్దుకోవచ్చు. తండ్రికి షుగర్ ఉంది కాబట్టి వాడు ఏటా చూపించుకోవాలి.

మీ ఉత్తరంలో అమ్మ వయసు లేదు, అమ్మ రిపోర్టు లేదు. తాగేది అవే బోరు నీళ్లు, తినేది అదే ఉప్పు, వేసుకునేది అవే మాత్రలు. ఏసీఆర్‌కు నాయన సీసా పట్టుకుని వెళ్లే ఉదయమే అమ్మ సీసా కూడా తీసుకెళ్లండి. అమ్మకు బీపీ, షుగర్, క్రియాటినిన్ చూపించండి. రిపోర్టులో 1.1 అనో 1.2 అనో వచ్చి ల్యాబ్‌లో "నార్మల్ అమ్మా" అంటే, అమ్మ వయసుకు ఈజీఎఫ్‌ఆర్ ఎంతో రాసివ్వమని అడగండి. ఆ కాగితాలన్నీ కలిపి నాకు పంపండి, చూసి రాస్తాను.